జాగ్రత్త: లీటరు ప్యాకెట్‌లా కనిపించే 850 గ్రాముల నూనె

వంటనూనె రేటు పెరిగిన నెలలో ర్యాకులో పక్కదాని కన్నా నాలుగైదు రూపాయలు తక్కువున్న ప్యాకెట్ మీదికే చెయ్యి పోతుంది. తీసుకునే ముందు కింది అంచున ఉన్న నికర బరువు చదవండి. 850 గ్రాములు, 800 గ్రాములు, ఒక్కోసారి 750 గ్రాములే ఉంటుంది. కవరు ఎత్తు, బొమ్మ, రంగు మాత్రం లీటరు ప్యాకెట్‌వే.

సన్‌ఫ్లవర్ నూనె లీటరు తూగేది సుమారు 910 గ్రాములు. ఆ లెక్కన 850 గ్రాములంటే 934 మిల్లీలీటర్లు, 750 గ్రాములంటే 824. లీటరు 160 రూపాయలు, 850 గ్రాములది 155 అనుకోండి. మొదటిది కిలో 176 పడుతుంది, రెండోది 182. ఐదు రూపాయలు మిగిలాయనుకుంటాం గానీ, లీటరు రేటు ప్రకారం ఆ 850 గ్రాములకు ఇవ్వాల్సింది 149 రూపాయల 50 పైసలే. నెలకు నాలుగు ప్యాకెట్లు వాడే ఇంట్లో 240 గ్రాములు తగ్గి, నెలాఖర్లో ఇంకో ప్యాకెట్ కోసం కిరాణా కొట్టుకు వెళ్లాల్సి వస్తుంది.

ఇది చట్టవిరుద్ధం కాదు. నూనెను ఫలానా పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న జాబితాను ప్యాకేజీ సరుకుల నిబంధనలకు చేసిన 2021 సవరణలో ఎత్తేశారు. దానికి బదులుగా యూనిట్ ధర ముద్రించాలన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. కిలోకు లోపు ప్యాకెట్ మీద గ్రాము ధర వేస్తారు, లీటరు ప్యాకెట్‌కు మాత్రం లీటరు ధరే. ఒకటి 0.18, ఇంకోటి 160. వీటిని నిలబడి ఎలా పోల్చుకుంటారు? లీటరుదాన్ని గ్రాముల్లోకి మార్చినా 0.18 అనే వస్తుంది, ఎందుకంటే పైసాకు సవరించి వేస్తారు. గ్రాముకు ఒక పైసా అంటే కిలోకు పది రూపాయలు! అందుకే ఆ అంకెను నమ్మకండి. ఫోన్‌లో ధరను గ్రాములతో భాగించి వెయ్యితో గుణించండి. లీటరు ప్యాకెట్ మీద కూడా పక్కనే గ్రాములు వేస్తారు, వాటినే తీసుకోండి.

2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే చివర్లో 16.5కి తగ్గించారు. ఇలా రేట్లు ఊగినప్పుడు కొనేవాళ్లకు పాత ధర గుర్తుంటుంది, పాత గ్రాములు గుర్తుండవు. కోత పడేది గ్రాముల్లోనే.

పిండివంటలకు, పచ్చళ్లకు డబ్బా కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా చూపుకు ఒకలాగే ఉంటాయి. 15 లీటర్లంటే 13.65 కిలోలే. కిలో 176 చొప్పున ఆ తేడా 237 రూపాయలు. కొట్టువాడు "పదిహేను డబ్బా" అంటే, కిలోలా లీటర్లా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

చౌకగా దొరికే వేరుశెనగ నూనె మీద "బ్లెండెడ్" అనో, "మల్టీ సోర్స్" అనో ఉందేమో చూడండి. మిశ్రమ నూనెలో ఒక్కో నూనె కనీసం 20 శాతం ఉంటే చాలు. బొమ్మలో పల్లీలు నిండుగా ఉన్నా లోపల 80 శాతం పామోలినో, రైస్‌బ్రానో కావచ్చు. శాతాలు ప్యాకెట్ మీదే ఉంటాయి.

పాత పద్ధతిలో ఉష్ణోగ్రత వేసిన లేబుల్ కనిపిస్తే తీసుకోవద్దు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే. ఎక్కువ ఉష్ణోగ్రత వేస్తే తక్కువ నూనెనే లీటరుగా చూపొచ్చు. అందుకే ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణం వేయాలని, 2023 జనవరి 15 లోగా లేబుళ్లు సరిచేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది.

ప్యాకెట్ చిన్నదన్న ఫిర్యాదు నిలబడదు. నిలబడేవి వేరు: ముద్రించిన బరువు కన్నా తక్కువ తూగడం, ఎమ్మార్పీ మీద ఎక్కువ ధర స్టిక్కర్ అంటించడం, ఎమ్మార్పీ దాటి వసూలు చేయడం. తూకంలో కవరు బరువు తీసేయాలి. 500 గ్రాముల నుంచి కిలో వరకు ప్యాకెట్‌లో 15 గ్రాముల తేడాను నిబంధనలు ఒప్పుకుంటాయి, అంతకు మించి తగ్గితేనే ముందుకెళ్లండి. ప్యాకెట్ కత్తిరించకుండా, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, బిల్లుతో సహా జిల్లా తూనికలు కొలతల శాఖకు ఇవ్వండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.