జ్యూయిష్ డే క్యాంపు ఫీజా, డే స్కూల్ ఫీజా: ఏది ఎక్కువ బరువు?

మా టీమ్‌లో ఒకాయన ఉన్నారు, న్యూజెర్సీ టీనెక్‌లో ఇల్లు, ముగ్గురు పిల్లలు, ముగ్గురూ జ్యూయిష్ (యూదుల) డే స్కూల్లోనే. ప్రతి చలికాలం ఆయన మొహం వాడిపోతుంది, ఎందుకంటే వచ్చే ఏడాది స్కూల్ కాంట్రాక్టు, సమ్మర్ డే క్యాంపు ఎర్లీ బర్డ్ (ముందే కడితే ఇచ్చే తగ్గింపు) గడువు, రెండూ ఇంచుమించు ఒకేసారి నెత్తిన పడతాయి. మొన్న లంచ్‌లో "రోజు లెక్కన చూస్తే స్కూల్ కంటే క్యాంపే కాస్ట్లీ తెలుసా" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఇద్దరం అక్కడే టిష్యూ మీద లెక్క మొదలెట్టాం.

ముందు ఒక మాట. డే స్కూల్ అంటే పొద్దున హీబ్రూ భాష, తోరా (యూదుల మతగ్రంథం), తర్వాత లెక్కలు, సైన్స్, ఇంగ్లీషు, అన్నీ ఒకే చోట చెప్పే ప్రైవేట్ స్కూల్. డే క్యాంపు అంటే ఎండాకాలం పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చేది, స్విమ్మింగ్, ఆటలు, మత నియమాల ప్రకారం వండిన కోషర్ భోజనం, పాటలు, శుక్రవారం మధ్యాహ్నం హల్లా బ్రెడ్‌తో షబ్బాత్ (వారాంతపు విశ్రాంతి దినం) సందడి. న్యూయార్క్ రాష్ట్రం నయాక్‌లో ఉన్న రామా అనే క్యాంపు లాంటివీ, ఊరూరా జేసీసీలు (జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్లు) నడిపేవీ ఈ బాపతే. జేసీసీ క్యాంపుల్లో మన తెలుగు పిల్లలు కూడా బోలెడంత మంది కనిపిస్తారు, మతం అడగరు.

ఇక లెక్క. ఆ ఏరియాలో ఎలిమెంటరీ ట్యూషన్, అంటే స్కూల్ ఫీజు, పిల్లాడికి ఏడాదికి 20 వేల డాలర్ల పైమాటే, హైస్కూల్ అయితే 30 వేలు దాటుతుంది. మేం 22 వేలు వేసుకున్నాం. బడి 180 రోజులు అనుకుంటే రోజుకి 120 చిల్లర. క్యాంపు 8 వారాలకి 8 వేలు అనుకున్నాం, అంటే 40 రోజులు, రోజుకి 200. గంటల్లో చూస్తే ఇంకా ఘోరం, స్కూల్ ఎనిమిది గంటలకి గంట 15 డాలర్లు, క్యాంపు ఏడు గంటలకి 28 పైనే! ఆయన మాటే నిజం. తోరా, ఆల్‌జీబ్రా చెప్పే పంతుళ్ళ కంటే కాలేజీ కుర్రాళ్ళు బాల్ ఆడించడానికే ఎక్కువ పోస్తున్నామా అని నవ్వుకున్నాం. కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది, స్థలం, పూల్స్, బస్సులు, ఇన్సూరెన్స్, ఆ ఖర్చంతా ఎనిమిది వారాల్లోనే రాబట్టుకోవాలి, స్కూల్‌కి పది నెలలు టైముంది, పైగా చాలా స్కూళ్ళకి డొనేషన్లు కూడా వస్తాయి.

అయితే నా ఉద్దేశంలో ఈ రోజు లెక్క తప్పుదారి పట్టిస్తుంది. అసలు అడగాల్సింది ఏంటంటే ఈ డబ్బు కట్టకపోతే దాని బదులు ఏం చేస్తావు అని. జూన్ చివర్లో బడి మూసేస్తే మళ్ళీ లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాకా తెరవరు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పిల్లల్ని ఎక్కడో ఒకచోట పెట్టాల్సిందే, నానీకో మామూలు క్యాంపుకో డబ్బు ఎటూ పోతుంది. కాబట్టి జ్యూయిష్ క్యాంపు కోసం నిజంగా ఎక్కువ పెట్టేది ఆ తేడా వరకే. స్కూల్ అలా కాదు, వీధి చివర పబ్లిక్ స్కూల్ ఫ్రీగా ఉంది, దానికి ప్రాపర్టీ టాక్స్ ఆల్రెడీ కడుతున్నావు, న్యూజెర్సీలో అది సగటున ఏటా 10 వేల డాలర్ల దాకా ఉంటుంది, అది కట్టి మళ్ళీ 22 వేలు, అదీ ముగ్గురికి 66 వేలు, టాక్స్ పోయాక చేతికొచ్చిన జీతంలోంచి. క్యాంపు ముగ్గురికి 24 వేలు.

టాక్స్ దగ్గర కూడా రెండింటిదీ రెండు దారులు. పని చేసుకునే తల్లిదండ్రులకి 13 ఏళ్ళ లోపు పిల్లల డే క్యాంపు ఖర్చు చైల్డ్ కేర్ కింద లెక్క, డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏలో (టాక్స్ పడకముందే జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) పెట్టుకోవచ్చు, 2026 నుంచి దాని లిమిట్ 5,000 నుంచి 7,500 అయింది. రాత్రి ఉండే క్యాంపుకి మాత్రం పనికిరాదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కిండర్‌గార్టెన్ నుంచి పైన స్కూల్ ఫీజుకి ఈ సౌకర్యం లేదు, దానికి 529 అకౌంట్ (చదువు కోసం టాక్స్ సౌకర్యంతో దాచుకునే ఖాతా) ఉంది, అందులోంచి ఏడాదికి 10 వేల దాకా తీసుకునే వీలుండేది, 2026 నుంచి అది 20 వేలు. అందులోంచి క్యాంపుకి తీయకూడదు.

రాష్ట్రం మారితే కథే మారిపోతుంది. ఫ్లోరిడాలో 2023 నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ప్రైవేట్ స్కూల్ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు, అక్కడ ట్యూషన్ బరువు బాగా తగ్గుతుంది. లండన్‌లో అయితే జేఎఫ్ఎస్ లాంటి జ్యూయిష్ స్కూళ్ళు గవర్నమెంట్ డబ్బుతో నడుస్తాయి, ట్యూషనే ఉండదు, స్వచ్ఛందంగా కొంత ఇమ్మని అడుగుతారంతే.

ట్యూషన్‌లో తగ్గింపు అడిగితే ఇంకో తలనొప్పి. టాక్స్ రిటర్న్ చూపించాలి, ఆ ఫామ్‌లో క్యాంపుకి ఎంత పెడుతున్నారు అని కూడా అడగొచ్చు, అంటే క్యాంపు సరదాకి పెట్టిన డబ్బు చూపించి స్కూల్ తగ్గింపు పోగొట్టుకునే ప్రమాదం ఉందన్నమాట.

మరి ఏది మేలు అంటే, నియమంగా మతం పాటించే ఇంటికి ఇది అసలు ఛాయిస్ కాదు, రోజూ చదివే చదువుని ఎనిమిది వారాల పాటలు భర్తీ చెయ్యలేవు, వాళ్ళు కోత పెడితే క్యాంపులోనే పెడతారు, ఎనిమిది వారాలకి బదులు నాలుగు. అంత పట్టింపు లేని ఇంటికి మాత్రం నా ఓటు పబ్లిక్ స్కూల్, ఆదివారం హీబ్రూ స్కూల్, ఎండాకాలం డే క్యాంపు. మనం పబ్లిక్ స్కూల్‌కి తోడు వీకెండ్ మనబడి తెలుగు క్లాసులకి పంపినట్టే అనుకోండి, కాకపోతే మనకి వేసవంతా తెలుగులోనే గడిపే ఏర్పాటు ఊరూరా లేదు, వాళ్ళకుంది, అది చూస్తే నాకు కొంచెం కుళ్ళే.

మా కొలీగ్ మాత్రం ఈసారి పెద్దాడిని క్యాంపు మాన్పించి అదే క్యాంపులో కౌన్సెలర్ (చిన్నపిల్లల్ని చూసుకుని ఆడించే కుర్రాడు) ట్రైనింగ్‌కి పెడుతున్నారట, ఫీజు తక్కువ, రెండేళ్ళు ఆగితే వాడికే ఎదురు జీతం ఇస్తారని లెక్క.