బెంగళూరులో పాత కారు కొంటున్నారా? కొత్త బ్యాటరీ కనిపిస్తే జాగ్రత్త!

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్న మన తెలుగు వాళ్ళంతా దయచేసి ఇది పూర్తిగా చదవండి. పదేళ్ళు దాటిన బండిలో మెరిసిపోయే కొత్త బ్యాటరీ ఉంటే, "బ్యాటరీ కూడా కొత్తదే సార్, మీకు ఇంకే ఖర్చూ లేదు" అని అమ్మేవాళ్ళు చెప్తే, పాతది ఎందుకు తీసేశారో తెలిసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. బండి ఆపేశాక కూడా ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉంటే, ఆ జబ్బును కొత్త బ్యాటరీ కొన్నాళ్ళు కప్పిపెడుతుంది. నాకు అమ్మిన బండిలో జరిగింది అదే.

మారతహళ్ళి వైపు ఒక బ్రోకర్ దగ్గర 2012 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాను. ఇంజిన్ బాగుంది, ఏసీ బాగుంది. రోజూ ఆఫీసుకి వెళ్ళొస్తున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరికి వెళ్ళి సోమవారం పొద్దున వచ్చేసరికి మాత్రం సెల్ఫ్ తీసుకునేది కాదు. కీ తిప్పితే టక్ టక్ శబ్దం, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారడం, అంతే. పక్క ఫ్లాట్ వాళ్ళ కారుతో జంప్ స్టార్ట్ చేస్తే మళ్ళీ శుక్రవారం దాకా మామూలే. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే, "బండి తియ్యకపోతే అంతే సార్, రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి" అన్నాడు. ఈ మాట నమ్మకండి. బ్యాటరీ మంచిదై, వైరింగ్ సరిగ్గా ఉంటే రెండు వారాలు కదపకపోయినా బండి స్టార్ట్ అవ్వాలి.

కారు ఆఫ్‌లో ఉన్నప్పుడు గడియారానికి, సెంట్రల్ లాకింగ్‌కి, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మెమరీకి కొద్దిగా కరెంటు కావాలి. సాధారణంగా అది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల లోపు, అంటే 0.02 నుంచి 0.05 ఆంపియర్ల లోపు ఉంటుంది. నా బండి చివరికి ఎంత లాగుతున్నట్టు తేలిందంటే 0.42 ఆంపియర్లు. చూడటానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ నా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, అంటే సుమారుగా ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వగలదు. శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటికి సుమారు 60 గంటలు, అంటే 25 ఆంపియర్ అవర్లు ఖాళీ. ఇక సెల్ఫ్ తిరగడానికి ఏం మిగులుతుంది? పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని ఇలా పదే పదే అడుగంటా ఖాళీ చేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తి శక్తి రాదు. కొత్త బ్యాటరీ కూడా అలాగే పాడైపోతుంది.

గ్యారేజీల సంగతి ఇంకా బాధాకరం. ఒకచోట మీటర్ ముట్టుకోకుండానే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో పోయిందన్నారు. కానీ ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు వస్తోంది, 13.8కీ 14.5కీ మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగ్గా ఉన్నట్టే. మరోచోట క్లాంప్ మీటర్ వైరుకి తగిలించి, సున్నా చూపిస్తోంది కాబట్టి లీకేజీ లేదని తేల్చేశారు. అది ఇళ్ళల్లో వచ్చే ఏసీ కరెంటు మాత్రమే కొలిచే క్లాంప్ మీటర్. కారులో ఉండేది డీసీ. ఆ మీటర్‌తో ఎప్పుడు కొలిచినా సున్నాయే కనిపిస్తుంది. దయచేసి మీటర్ మీద డీసీ ఆంప్స్ ఉందో లేదో మీరే చూసుకోండి.

చివరికి జేసీ రోడ్డు వెనక సందులో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, పద్ధతిగా చూశారు. కీ తీసేసి దూరంగా పెట్టించారు. బానెట్ తెరిచి, డోర్లన్నీ వేసి, నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, టెర్మినల్‌కీ వైరుకీ మధ్య మల్టీమీటర్‌ని 10 ఆంప్స్ రంధ్రంలో పెట్టి తగిలించారు. మొదట రీడింగ్ ఎక్కువగానే ఉంటుంది, లోపలి ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు నిద్రలోకి వెళ్ళడానికి అరగంట పట్టొచ్చు. అరగంట తర్వాత కూడా 0.42 దగ్గరే ఆగిపోయింది. ఒక్కో ఫ్యూజు పీకి చూశారు, అంకె కదల్లేదు. బ్యాటరీ విప్పి, డైనమో లావు వైరు తీసి, మళ్ళీ మీటర్ పెట్టారు. డైనమో లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు లీకైతే ఆ దారిలో కూడా కరెంటు పోతుంది కాబట్టి. అయినా అదే అంకె. అప్పుడాయన, "ఫ్యూజు బాక్సులో లేదంటే బ్యాటరీ మీద నుంచే ఎవరో వైరు లాగి ఉంటారు నాయనా" అన్నారు.

నిజంగానే పాజిటివ్ టెర్మినల్ అడుగు నుంచి ఒక ఎర్ర వైరు కార్పెట్ కిందకి పోయింది. దాని చివర డ్రైవర్ సీటు కింద ఒక ఆంప్లిఫయర్! డిక్కీలో ఉండాల్సిన వూఫర్‌ని అమ్మేముందు పీకేసి, ఆంప్లిఫయర్‌ని అలాగే వదిలేశారు. స్టీరియో ఆన్ చేస్తేనే అది మేలుకోవాలి. అందుకోసం ఉండే రిమోట్ వైరుని నేరుగా కరెంటు వైరుతో కలిపి టేపు చుట్టారు. అందువల్ల అది రాత్రింబగళ్ళు ఆన్‌లోనే ఉంది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

నాకు భయం వేసింది బ్యాటరీ ఖర్చు తలచుకుని కాదు. ఆ ఎర్ర వైరుకి బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల పక్కనుంచి పోతోంది, ఒకచోట తొడుగు ఒరుసుకుపోయింది. లోపలి రాగి బాడీకి తగిలితే వైరు ఎర్రగా కాలి కార్పెట్ అంటుకునేది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగిన బండి అది. ఇలాంటి వైరు ఉన్న బండిని తెలిసి అమ్మడం క్షమించరాని పని.

ఆ బ్రోకర్‌కి తెలిసే ఉంటుందని నేను ఎందుకు అంటున్నానంటే, నెగటివ్ టెర్మినల్ నట్టు మాత్రం కొత్తగా స్పానర్ గీతలు పడి మెరుస్తోంది, మిగతా నట్లన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. రాత్రి బ్యాటరీ ఖాళీ కాకుండా రోజూ సాయంత్రం ఊడదీసి పొద్దున బిగిస్తే అలా అవుతుంది. మీరు బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఈ నట్టు చూడండి. డ్యాష్‌బోర్డు గడియారం తప్పు టైమ్ చూపిస్తోందా, స్టీరియోలో సేవ్ చేసిన స్టేషన్లన్నీ పోయాయా చూడండి. టెర్మినల్ మీద తిప్పి కరెంటు ఆపే కట్ ఆఫ్ స్విచ్ ఉంటే అది ఎందుకో గట్టిగా అడగండి. బ్యాటరీ పాజిటివ్ మీద కంపెనీ వైర్లు కాక వేరే వైరు ఏది కనిపించినా అది ఎక్కడికి పోతోందో చివరిదాకా చూపించమనండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి మిగతా డబ్బు ఇచ్చేలోపు ఆ మీటర్ పరీక్ష మీ కళ్ళ ముందు జరగాలి. ఎస్పీ రోడ్డులో మల్టీమీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త, మీటర్ అలా తగిలించి ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోవచ్చు, లేదా మీటరే పాడైపోవచ్చు. అరగంట ఆగాక 0.05 కన్నా చాలా ఎక్కువ చూపిస్తే, కారణం దొరికేదాకా బేరం ఆపండి. "టైమ్ లేదు సార్, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అంటే ఆ పార్టీకే వదిలేయండి.

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఎవరైనా శని, ఆదివారాల్లో బండి చూడటానికి వెళ్తుంటే ముందు రోజు ఒక మాట చెప్పండి. వీలైతే మీటర్ తీసుకుని నేను కూడా వస్తాను.