ఉదయగిరి చెక్క గరిటెలు: ఏవి కొనొచ్చు, ఏవి వద్దు

మా పిన్ని వాళ్లది నెల్లూరు జిల్లా ఉదయగిరి. ఒంగోలు నుంచి వెళ్లాలంటే నాకు కావలి దారే సులువు. అక్కణ్ణుంచి కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా బస్సు. దగ్గరికొచ్చేసరికి దుర్గం కొండ ఎదురుగా నిలబడుతుంది, ఇక ఊళ్లో ఎటు తిరిగినా అదే కనిపిస్తుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు వంటింటికి కావలసిన చెక్క సామాను చేసేవాళ్ల దగ్గరే కొని తెచ్చుకున్నాను. అప్పట్నుంచి రోజూ వాడుతున్నాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

"ఏందమ్మాయ్, ఇంట్లో స్టీలు గరిటెలు అరిగిపోయినాయా?" అని పిన్ని నవ్వింది గానీ, తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. పెద్ద షోరూములు ఊహించుకోవద్దు. చాలావరకు ఇళ్లే. వరండాలో చాప, ఉలులు, ఆకురాళ్లు, కాళ్లకు అంటుకునే చెక్కపొడి. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రను పలకలుగా కోసి, గరిటె ఆకారం గీసి, చెక్కి, ఆకురాయితో రాసి, గరుకు కాగితంతో నున్నగా తీస్తారు. ఈ పనిలో ఆడవాళ్లే ఎక్కువ. మేం వెళ్లిన ఇంట్లో ఆపా (అక్క) ఒక ఫోర్కు కాడ మీద సన్నటి జాలీ, అంటే వలలాంటి చిల్లుల నగిషీ, తొలుస్తూనే బేరం ఆడింది. కళ్లు పని మీదే, లెక్క మాత్రం ఒక్క రూపాయి తప్పలేదు. ఈ చెక్క సామానుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ప్రభుత్వ హస్తకళల లేపాక్షి షాపుల్లోనూ దొరుకుతుంది గానీ, చేతిలో పట్టుకుని, తిప్పి చూసి ఏరుకోవాలంటే ఊరికే రావాలి.

ఇక వాడకం. నాన్‌స్టిక్ పెనం ఉన్నవాళ్లకు ఇవి బంగారం. ఉప్మా, వేపుళ్లు, పులిహోర కలపడానికి వెడల్పు తెడ్డు చాలా బాగుంది, గీతలు పడవు, కాడ వేడెక్కదు. పచ్చడి జాడీలో వేసే చిన్న చెంచాలు నాకు అన్నిటికంటే నచ్చాయి. అట్లకాడ మాత్రం తేవద్దు. అంచు మందం, పల్చటి దోసె కిందికి దూరదు, దోసె చిరుగుతుంది. దానికి ఇనుముదే దిక్కు. చేపల పులుసు సంగతి నెల్లూరోళ్లకి చెప్పనక్కర్లేదు, అందులో అసలు గరిటే పెట్టం, దాక పట్టుకుని తిప్పడమే. సాంబారుకీ రసానికీ మాత్రం ఒకటి విడిగా పెట్టుకోండి, చింతపండు వాసన పట్టేస్తుంది. పసుపు మరక ఎలాగూ పడుతుంది, దాన్ని వదిలించాలని చూడటం దండగ.

జాలీ కాడలవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అతిథులు వచ్చినప్పుడు పళ్లముక్కల పక్కన పెట్టండి, పొయ్యి దగ్గరకు తేవద్దు. ఆ సందుల్లో పిండి ఇరుక్కుంటే పుల్ల పెట్టి తీసుకుంటూ కూర్చోవాలి. పైగా గట్టిగా కలిపితే విరుగుతాయేమోనని టెన్షన్. ధర కూడా పనిని బట్టే. సాదా చిన్న చెంచాలు చవకే, జాలీవి అడిగితే రేటు ఒక్కసారిగా పైకి పోతుంది. ఆ చేతిపని చూశాక బేరం చెయ్యబుద్ధి కాలేదు నాకు.

అంతకుముందు ఇవే అని చెప్పి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన సెట్టు వార్నిష్ వాసనతో వచ్చింది. వేడి కూరలో పెట్టగానే ఆ వాసన కూరకెక్కింది. అందుకే కొనేటప్పుడు మెరుపు చూడకండి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. చెక్క వాసన తప్ప ఇంకేమీ రాకూడదు. మొదటిసారి కడిగాక పైన నూగులా లేస్తుంది, భయపడొద్దు. ఆరాక గరుకు కాగితంతో ఒకసారి రుద్ది, కొబ్బరి నూనె పట్టించి రాత్రంతా ఉంచితే సరి. సింకులో నానబెట్టారా, పగులుతుంది.

గరిటెల కోసమే అంత దూరమా అంటే, దుర్గం ఉంది కదా. సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తు. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో గానీ లొంగలేదు. ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడని మా బాబాయి వచ్చినవాళ్లందరికీ చెబుతాడు, మన సొత్తు పోయిందన్నట్టు కాస్త కోపంగానే. కొండెక్కాలంటే తెల్లారకముందే బయల్దేరండి, నీళ్లు మీరే మోసుకోవాలి. దిగొచ్చాక గరిటెల ఇళ్లకు వెళ్లొచ్చు. శుక్రవారం అయితే మధ్యాహ్నం నమాజు వేళకు ముందే వెళ్లండి, ఆ తర్వాత కాసేపు పని ఆగుతుంది.