సరస్సుల చుట్టూ పరుగుకు దారి గీసే బ్రౌటర్: ఏది నమ్మాలి, ఏది సరిచూడాలి

ఊళ్లో పరుగుకు దారి గీయడం కష్టం కాదు. ఒక సందు మూసి ఉంటే పక్క సందు ఉంటుంది. సరస్సులూ అడవులూ కలిసిన పల్లె ప్రాంతంలో అలా కుదరదు. రెండు నీళ్ల మధ్య సన్నటి నేల, దానిమీద ఒకే ఒక్క బాట. ఆ బాట ఎవరిదో గేటు ముందు ఆగిపోతే 8 కిలోమీటర్ల పరుగు కాస్తా 15 అవుతుంది, అదీ చీకటి పడే వేళకి. అందుకే ఇలాంటి చోట దారి గీసే సాధనాన్ని తూచేటప్పుడు అది ఎంత అందంగా ఉందని చూడకూడదు. ఫలానా బాటనే ఎందుకు ఎంచుకుందో చెబుతుందా, వద్దంటే వింటుందా అని చూడాలి. ఈ రెండిట్లోనూ బ్రౌటర్ వెబ్ అనే, బ్రౌజర్లో తెరిచే దారిగీత సాధనం మిగతావాటికంటే చాలా ముందుంది.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. ఖాతా తెరవనక్కర్లేదు. గీసిన దారి మొత్తం బ్రౌజర్ చిరునామాలోనే ఇమిడి ఉంటుంది కాబట్టి, ఆ లింకును దాచుకుంటే దారిని దాచుకున్నట్టే. మిత్రులకు పంపితే వాళ్లూ మార్చుకోవచ్చు. పటం సమాచారం 2004లో మొదలైన, జనమే కలిసి గీసి దిద్దుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. చాలా యాప్‌లు జనం ఎక్కువగా పరుగెత్తిన దారులను చూపించి అవే మంచివంటాయి. నగరంలో అది పనికొస్తుంది. మనుషులు పలచగా ఉన్న అడవిలో ఆ లెక్క కార్ల పార్కింగ్ నుంచి తారు రోడ్డు మీదుగా వెళ్లి వచ్చిన దారినే చూపిస్తుంది. సరస్సు అవతలి ఒడ్డున ఉన్న చక్కటి బాట ఆ లెక్కలోకే రాదు.

మొదట ప్రొఫైల్, అంటే ఎలాంటి బాటలను ఎంచాలో సాధనానికి చెప్పే అమరిక సంగతి. పరుగుకంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. వేళ్లూ రాళ్లూ ఉన్న కాలిబాటలు కావాలంటే హైకింగ్ ప్రొఫైల్ పెట్టండి. ఇది గుర్తులు వేసిన నడకదారుల వైపు మొగ్గుతుంది. కంకర రోడ్ల మీద 20 కిలోమీటర్లకు పైబడిన నిదానమైన పరుగుకైతే ట్రెక్కింగ్ బైక్ ప్రొఫైలే మేలు. సైకిలు పోలేని మెట్లనూ గతుకుల బాటలనూ అది వీలైనంతవరకు తప్పిస్తుంది, లారీలు తిరిగే పెద్ద రోడ్లకు దూరంగా ఉంటుంది. పైగా అడవినీ నీటినీ పరిగణనలోకి తీసుకునే మీటలు ఆ ప్రొఫైల్ ఐచ్ఛికాల్లో ఉన్నాయి. అవి మామూలుగా ఆపి ఉంటాయి. రెండూ వేసి చూడండి, దారి పొలాల గట్టునుంచి చెట్ల నీడలోకి జరుగుతుంది. షార్టెస్ట్ అనే ప్రొఫైల్‌ను మాత్రం పరుగుకు వాడొద్దు. 30 మీటర్లు మిగల్చడానికి అది మిమ్మల్ని తుప్పల్లోకి తోస్తుంది.

దారి ఎటు పోవాలో చెప్పడానికి పటం మీద పాయింట్లు పెట్టే పద్ధతిలోనే సగం పని ఉంది. రెండు, మూడు కిలోమీటర్లకు ఒకటి చాలు. వాటిని కూడలి మీద పెట్టకండి, రెండు కూడళ్ల నడుమ బాట మీద పెట్టండి. కూడలి దగ్గర పాయింటు నాలుగు మీటర్లు పక్కకు జరిగినా అది పక్కబాటకు అతుక్కుంటుంది. అప్పుడు దారి ఆ పక్కబాటలోకి కాస్త వెళ్లి అదే అడుగున వెనక్కొస్తుంది. తెరమీద అది చిన్న ముల్లులా కనిపిస్తుంది, దూరం నుంచి చూస్తే అసలు కనిపించదు. అడవిలో మీ వాచీ మాత్రం దారి తప్పారంటూ రెండుసార్లు మోగుతుంది. గీయడం అయ్యాక పటాన్ని బాగా దగ్గరకు తెచ్చి దారి పొడవునా ఒకసారి చూస్తే ఈ ముళ్లన్నీ దొరుకుతాయి.

తర్వాత తెరవాల్సింది విశ్లేషణ పట్టిక. బ్రౌటర్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. మొత్తం దారిలో కాలిబాట ఎంత, బండిబాట ఎంత, తారు ఎంత, కంకర ఎంత అన్నది పొడవుతో సహా విడివిడిగా చూపిస్తుంది. ఒక వరుస మీద మౌస్ పెడితే ఆ ముక్కలు పటం మీద వెలుగుతాయి. బండిబాటలకు గ్రేడ్ 1 నుంచి 5 వరకు గుర్తులుంటాయి. 1 అంటే గట్టి నేల, 2 అంటే చాలావరకు కంకర, 3లో గట్టిదీ మెత్తదీ సగం సగం, 4, 5 మెత్తటి మట్టి, గడ్డి. వానాకాలంలో 4, 5 గ్రేడ్‌లు దారి పొడవులో పదో వంతు దాటితే ఆ దారిని పక్కన పెట్టండి. కలప మోసే ట్రాక్టర్ల చక్రాల జాడల్లో నిలిచిన నీళ్లు చీలమండ దాకా వస్తాయి, అడుగున ఏముందో కనిపించదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఏ గుర్తూ లేని ముక్కలు. కాలిబాట అని మాత్రమే ఉండి నేల రకం రాయకపోతే, ఎవరో ఉపగ్రహ చిత్రం చూసి గీసి వదిలేశారని అనుకోవడమే క్షేమం. అలాంటి ముక్క చిత్తడి నేల గుర్తు మీదుగా పోతుంటే మరీ అనుమానించండి. దారి ఎంచేటప్పుడు బ్రౌటర్ ప్రధానంగా బాటకు తగిలించిన గుర్తులనే చదువుతుంది, బాట కింద పటంలో పరుచుకున్న బురదనేలను అడ్డంకిగా లెక్కించదు. చెక్క పలకల వంతెన వేసి ఉందని పటంలో గుర్తు ఉంటే దాటొచ్చు. ఆ పలకలు తడిస్తే సబ్బులా జారతాయి కాబట్టి అక్కడ నడవడమే నయం.

సరస్సుల ప్రాంతంలో తప్పులు కొన్ని పదేపదే ఎదురవుతాయి. దారి నీటిమీదుగా తిన్నగా పోయిందంటే అది పడవ (ఫెర్రీ) దారి. ఫెర్రీలను అనుమతించే మీట మీ ప్రొఫైల్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే ఆ గీత మీద నో-గో ప్రాంతం (దారి పోకూడని చోటు) గీయండి. ఉత్తరాది చలి దేశాల్లో శీతాకాలపు దారులని ఉంటాయి. గడ్డకట్టిన సరస్సు మీద, బురదనేల మీద మంచు కాలంలో మాత్రమే నడిచేవి. గుర్తు సరిగ్గా పెట్టకపోతే అవి ఎండాకాలంలోనూ మామూలు బాటల్లా కలిసిపోతాయి. ఒడ్డు వైపు దిగి ఏదో ఇంటి దగ్గర ఆగే చిన్న చిన్న తోవలు దాదాపు అన్నీ సొంత ఇళ్ల తోవలే, ప్రైవేటు అన్న గుర్తు ఉన్నా లేకపోయినా సరే. రెండు ఇళ్ల తోవలను కలుపుతూ ఒడ్డువెంట దారి పోతుంటే దాన్ని నమ్మకండి.

కలప కోసం వేసిన దారుల సంగతి వేరు. అవి ఎక్కడికో చేర్చడానికి వేసినవి కావు. చెట్లు కొట్టిన చోట, లారీ తిరగడానికి ఉంచిన ఖాళీలో ఆగిపోతాయి. పటంలో అలాంటి రెండు కొసల మధ్య 100 మీటర్ల ఖాళీ కనిపిస్తే కలుపుకోవచ్చులే అనిపిస్తుంది. నిజంగా అక్కడ కొట్టేసిన కొమ్మల గుట్టలూ, మొలకెత్తిన దట్టమైన చిన్న చెట్లూ ఉంటాయి. ఆ 100 మీటర్లకు పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. బ్రౌటర్‌లో నేరుగా గీత గీసే సదుపాయం ఉంది గానీ, ఉపగ్రహ చిత్రంలో బాట కంటికి కనిపిస్తే తప్ప దాన్ని ఇక్కడ వాడకండి. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. రెండు బాటలు నేలమీద కలుస్తాయి, పటంలో మీటరు తేడాతో కలవకుండా మిగిలిపోతాయి. అప్పుడు బ్రౌటర్ కారణం లేకుండా నాలుగు కిలోమీటర్లు చుట్టి వస్తుంది. చుట్టు అర్థం కాకపోతే ముందు ఆ కూడలిని పెద్దది చేసి చూడండి. అక్కడ నేరుగీత వాడటం సబబే. తప్పును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దిద్దితే మరీ మంచిది. దిద్దుబాటు పటంలో ముందు కనిపిస్తుంది, దారి లెక్కల్లోకి కొంత ఆలస్యంగా వస్తుంది.

ఇక ఎత్తుల లెక్క. ఈ సేవలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చాలా పటాల మాదిరిగానే దీని ఎత్తుల సమాచారానికి ఒక ముఖ్యమైన ఆధారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో చేసిన కొలత. ఆ రాడార్ దట్టమైన అడవిలో నేలదాకా పూర్తిగా దిగదు, చెట్ల కొమ్మల్లోనే కొంత ఆగిపోతుంది. కాబట్టి సరస్సు ఒడ్డున సమంగా పోయే బాట కూడా ఒకచోట నీటి ఎత్తునా, ఇంకోచోట చెట్ల నడిమి ఎత్తునా నమోదవుతుంది. ఎత్తుల గీతలో లేని గుట్టలు పుడతాయి. ఒడ్డుబాటలో రంపపు పళ్లలాంటి గీత కనిపిస్తే అది కొండ కాదు, చెట్లు.

ఈ గోల తగ్గించడానికి బ్రౌటర్ వడపోసిన ఎక్కుడు లెక్క, అంటే మొత్తం ఎన్ని మీటర్లు పైకెక్కాలో ఇస్తుంది. సుమారు 10 మీటర్ల లోపు ఎగుడుదిగుళ్లను అది లెక్కలోకి తీసుకోదు. పెద్ద కొండల్లో ఇది సరైన పనే. సరస్సుల ప్రాంతం అలాంటిది కాదు. ఇక్కడి నేలలో 5, 8 మీటర్ల చిన్న మిట్టలు వరసగా వస్తూనే ఉంటాయి. అవి 30 ఉంటే 200 మీటర్ల ఎక్కుడు, లెక్కలో మాత్రం దాదాపు సున్నా. అందుకే ఆ ఒక్క అంకె చూసి దారి తేలికని నిర్ణయించకండి. పటం పొరను ఎత్తురేఖలున్న (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దానికి మార్చి, మీ దారి ఆ రేఖలను ఎన్నిసార్లు అడ్డంగా కోస్తుందో లెక్కపెట్టండి. రేఖల ఎడం 5 మీటర్లుంటే ఐదు నిమిషాల్లో నిజమైన అంచనా వస్తుంది. ఇది చూపే సమయాన్ని కూడా పక్కన పెట్టండి, హైకింగ్‌లో అది నడక లెక్క. వేళ్లున్న బాటమీద మీ తారురోడ్డు వేగానికి కిలోమీటరుకు ఒకటి నుంచి రెండు నిమిషాలు కలుపుకోండి.

దారి కుదిరాక జీపీఎక్స్ ఫైలుగా (వాచీలూ యాప్‌లూ చదవగల దారి ఫైలు) దించుకుని వాచీలోకి ఎక్కించండి. అదే ఫైలు ఫోన్లో ఆఫ్‌లైన్ పటం యాప్‌లో కూడా ఉండాలి. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ సరిపోతుంది. పటాన్ని ఇంటి దగ్గరే దించుకోండి, నీళ్ల మధ్య సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. లూపు ఏ దిక్కుగా తిరగాలన్నదీ ఇక్కడే తేల్చుకోవాలి. సన్నబాట, బురద, గుర్తులేని ముక్కలు మొదటి సగంలో రావాలి. కాళ్లలో సత్తువ, ఆకాశంలో వెలుతురు ఉన్నప్పుడే వాటి పని తేలాలి. అనుమానమున్న ప్రతి ముక్కకూ ముందు, కంకర రోడ్డు ఎక్కి వెనక్కి రాగల చోటు ఎక్కడుందో పాయింటుగా గుర్తు పెట్టుకోండి.

లోపాలు చెప్పాలంటే, ఫోన్ తెరమీద గీయడం చాలా చిరాకు. పాయింటు జరపబోతే పటం జరుగుతుంది. పని కంప్యూటర్లోనే చేసుకోండి. ప్రొఫైల్ ఐచ్ఛికాల పేర్లు కొత్తవాళ్లకు గడ్డుగా ఉంటాయి. దారి గురించి ఇతరుల అభిప్రాయాలు ఏవీ ఉండవు. పరుగు మధ్యలో దారి మార్చుకోవాలనుకునేవాళ్లకు ఈ వెబ్ పేజీ పనికిరాదు. ఆండ్రాయిడ్‌లో బ్రౌటర్ యాప్‌ను ఓస్మాండ్‌తో జతచేస్తే నెట్ లేకుండానే ఆ పని జరుగుతుంది. దానికి ముందు మీ ప్రాంతం డేటా దించుకోవాలి. డేటా 5 డిగ్రీల చదరాలుగా ముక్కలై ఉంటుంది. మీ సరస్సు రెండు చదరాల సరిహద్దులో పడితే రెండూ దించుకోండి. ఒకటే ఉంటే అవతలి ఒడ్డు దాకా దారి రాదు.