కీటోన్ నుంచి కైరల్ ఆల్కహాల్: హైడ్రోజన్ వాయువా, ఫార్మిక్ ఆమ్లమా?

అసిటోఫినోన్ లాంటి ఆరైల్ కీటోన్లను (బెంజీన్ వలయం అతికి ఉన్నవి) కైరల్ ఆల్కహాల్‌గా, అంటే ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు రూపాల్లో ప్రధానంగా ఒకటిగా మార్చడానికి రసాయన శాస్త్రవేత్త నోయోరి రుథీనియం ఉత్ప్రేరకాలతో రెండు దారులున్నాయి. తేడా హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందన్నదే.

పరికరాలు: వాయువుకు 8–10 అట్మాస్ఫియర్లు తట్టుకునే ఆటోక్లేవ్ కావాలి. ఫార్మిక్ ఆమ్లానికి గాజు ఫ్లాస్కు చాలు.

ఉత్ప్రేరకం: వాయువు పద్ధతిలో జైలైల్ బైనాప్–డైఅమీన్ అనే రుథీనియం ఉత్ప్రేరకం ఒక మోల్, లక్ష మోల్‌ల అసిటోఫినోన్‌ను 99% ఈఈతో (కావలసిన రూపం రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువో చెప్పే కొలత) మార్చగలదు. ఫార్మిక్ ఆమ్ల పద్ధతిలో వాడే టీఎస్‌డీపెన్ రుథీనియం ఉత్ప్రేరకం అయితే సాధారణంగా 200 మోల్‌లకు ఒకటి, ఈఈ 98%. అంటే ఖర్చూ ఎక్కువే, చివర్లో తొలగించాల్సిన రుథీనియమూ ఎక్కువే.

ఎక్కడ చెడుతుంది: వాయువు పద్ధతిలో ద్రావణిలోని ఆక్సిజన్ ఉత్ప్రేరకాన్ని చంపేస్తుంది, డీగ్యాస్ చేయకుండా (కరిగిన వాయువులను తొలగించకుండా) మొదలుపెట్టొద్దు. ఇందులోనే వాడే పొటాషియం టి-బ్యుటాక్సైడ్ అనే బలమైన క్షారం, క్షారానికి సున్నితమైన అణువులను పాడుచేస్తుంది. ఫార్మిక్ ఆమ్లం–ట్రైఇథైల్ అమీన్ మిశ్రమాన్ని (మోల్‌లలో 5:2) చల్లబరుస్తూ మెల్లగా కలపాలి, బాగా వేడెక్కుతుంది. చర్యలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక ఫ్లాస్కును ఎప్పుడూ బిగించి మూయకూడదు. ఫార్మిక్ ఆమ్లం బదులు ఐసోప్రొపనాల్ వాడితే చర్య వెనక్కీ నడుస్తుంది. ఆలస్యంగా ఆపితే ఈఈ పడిపోతుంది.

కిలోల్లో, పదే పదే చేసేదానికి వాయువే. కొన్ని గ్రాములకు, కొత్త కీటోన్‌ను పరీక్షించడానికి, క్షారం పడని అణువుకు ఫార్మిక్ ఆమ్లం. రెండు వైపులా దాదాపు ఒకే పరిమాణంలో ఆల్కైల్ గుంపులున్న కీటోన్‌కు మాత్రం రెండింటినీ నమ్ముకోకుండా కీటోరిడక్టేజ్ (కీటోన్‌ను ఆల్కహాల్‌గా మార్చే) ఎంజైమ్‌ను ముందు ప్రయత్నించాలి.