వయోశ్రీ వాకరు బాగానే ఉంది, గొడవంతా బుష్షుతోనే

రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ప్రభుత్వం పెద్దవాళ్లకి శిబిరంలో ఇచ్చే మడత వాకరు తేలిక, గట్టిది, పైసా ఖర్చు లేదు. ఇవి అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నాను. విశాఖ పెదవాల్తేరులో సముద్రం గాలి నేరుగా కొట్టే కింది వాటాలో, ఒక్కతే ఉండే మా అమ్మ దగ్గర అది చాలాకాలంగా ఉంది. మంచం నుంచి వంటగదికి, అక్కడి నుంచి బాత్రూముకి, పొద్దున్నే వీధి గుమ్మం దాకా రోజంతా దాని మీదే నడక. ఇంత వాడాక కూడా గొట్టాల మీద నాకు ఫిర్యాదు లేదు, మడత తాళం మీదా లేదు. నా పేచీ అంతా నాలుగు కాళ్ల కింద తొడిగిన నాలుగు రబ్బరు బుష్షులతో. వాకరు నిలబడేదీ వాటి మీదే, జారేదీ వాటి వల్లే. ఇచ్చేటప్పుడు వాటి ఊసు ఎవరూ ఎత్తరు, తీసుకునేటప్పుడు మనమూ అడగం.

బుష్షుని తిరగేసి చూస్తే అడుగున గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటిగా గాడులు కనిపిస్తాయి. నేలని పట్టుకునేది ఆ గాడులే. మంచి బుష్షు లోపల అడుగున ఒక ఇనప వాషరు కూడా ఉంటుంది. దాని పని పైకి కనిపించదు. వాకరు గొట్టం పల్చటి అల్యూమినియం. దాని అంచు గుండ్రటి కత్తి. వాషరు లేని బుష్షైతే ఒంటి బరువు పడ్డప్పుడల్లా ఆ అంచు రబ్బరుని లోపల్నించే కోసుకుంటూ దిగిపోతుంది. బయట గాడులు ఇంకా బాగానే ఉన్నట్టుంటాయి. లోపల మాత్రం రబ్బరు కాగితమంత మిగులుతుంది. అందుకే కొనేటప్పుడు లోపల వేలు పెట్టి చూడాలి. అడుగున గట్టిగా చల్లగా తగిలితే వాషరు ఉన్నట్టు, మెత్తగా తగిలితే లేనట్టు.

నాలుగు బుష్షులూ ఒకేలా అరగవు. కుడి మోకాలు నొప్పి ఉన్న మనిషి బరువంతా ఎడమకి వేస్తుంది, ఎడమ వెనక కాలి బుష్షు ముందు పోతుంది. వాకరుని ఎత్తి వేయకుండా ఈడ్చే అలవాటు ఉన్నా వెనక రెండే ముందు అరుగుతాయి, అదీ ఒక పక్కకి వాలుగా. ఇది కనిపెట్టడానికి వంగి చూడక్కర్లేదు. తెల్ల టైల్సు మీద నల్లటి వంకర గీతలు పడుతున్నాయంటే రబ్బరు అరుగుతోందని. ఆ నలుపు ఆగిపోయి, సన్నటి బూడిద రంగు గీత పడుతూ 'కీచు' మని చప్పుడొస్తోందంటే రబ్బరు అయిపోయి గొట్టమే నేలకి తగులుతోందని. ఈ రెండో దశ దాకా రానివ్వకూడదు.

ఇక అసలు సంగతి. మొదట వచ్చిన బుష్షులు నాసిరకమేమీ కాదు, రావాల్సినంత కాలం వచ్చాయి. కష్టమంతా మార్చినప్పుడు వచ్చింది. సర్జికల్ షాపుకెళ్లి వాకరు బుష్షు అంటే చేతికందిన రకం ఒకటి ఇస్తారు, కొలత అడగరు. వాకరు గొట్టాలు ఎక్కువగా 25 మిల్లీమీటర్లు ఉంటాయి. చేతికర్రలకి 19, 22 లాంటి కొలతలుంటాయి. ఒక షాపులో ఇచ్చినవి గొట్టం కంటే ఓ రెండు మిల్లీమీటర్లు పెద్దవి. చేత్తో నెట్టగానే హాయిగా దూరిపోయాయి. అలా దూరిపోవడమే చెడ్డ గుర్తు. సరైన కొలతదైతే మెలితిప్పి, నేలకేసి నొక్కి, కాస్త చెమట కారిస్తే గానీ ఎక్కదు.

పొడి నేల మీద ఆ వదులు బుష్షులు ఏ ఇబ్బందీ పెట్టలేదు. బాత్రూములో పెట్టాయి. బుష్షు అడుగు కొంచెం లోపలికి గుంటగా ఉంటుంది కదా, తడి టైలు మీద బరువేసి నొక్కితే ఆ గుంటలోని గాలి బయటికి పోయి టైలుని పట్టేస్తుంది. కొలత సరిపోయినదైతే వాకరు ఎత్తగానే 'టప్' మని ఊడి వచ్చేస్తుంది. వదులుది రాదు. బుష్షు నేలకే ఉండిపోతుంది, గొట్టం ఒక్కటే పైకి లేస్తుంది. చేతికి తేడా తెలియదు, ఎందుకంటే బరువులో తేడా ఏమీ ఉండదు. తర్వాతి అడుగులో సబ్బు నీళ్లున్న టైలు మీద పడేది ఉత్త అల్యూమినియం అంచు. ఇక్కడ జరిగింది సరిగ్గా అదే. వాకరు కుడి వెనక కాలు జారి పక్కకి ఒరిగిపోయింది. కమోడు పక్కన గోడకి బిగించిన స్టీలు రాడ్డు అందింది కాబట్టి సరిపోయింది. ఆ రాడ్డు ప్రభుత్వం ఇచ్చింది కాదు. వాకరు వచ్చిన ఇంట్లో ముందు ఖర్చు పెట్టాల్సింది మాత్రం దాని మీదే.

బుష్షులు మార్చే పద్ధతి చెబుతాను. పాత బుష్షుని ఒకటి ఊడదీసి పట్టుకెళ్లాలి, దాంతోపాటు గొట్టం చుట్టూ దారం చుట్టి కొలిచిన పొడవు కూడా. చుట్టుకొలత దాదాపు 78 మిల్లీమీటర్లు వస్తే అది 25 గొట్టం. నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒక్కటి కొత్తదైతే ఆ కాలు కొన్ని మిల్లీమీటర్లు పొడవై వాకరు ఊగుతుంది, ఆ ఊగుడికి పెద్దవాళ్లు భయపడి ఇంకా ముందుకి వంగిపోతారు. ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు. నూనె రాయకూడదు, అది రబ్బరుని ఉబ్బించి వదులు చేస్తుంది, పైగా ఆరదు. సబ్బు నీళ్లతో ఎక్కించాక ఒక రాత్రి వాడకుండా ఆరనివ్వాలి. తర్వాత బుష్షుని పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. ఎవరో ఒకరు సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించమంటారు. పొడి నేల మీద ఏమో గానీ తడి నేల మీద ఆ నున్నటి ట్యూబుకి పట్టే ఉండదు.

విశాఖలో ఇంకో శత్రువు ఉప్పు గాలి. గొట్టం అల్యూమినియమే కాబట్టి తుప్పు పట్టదనుకుంటాం. ఎత్తు మార్చే స్ప్రింగు గుండీలు, రివెట్లు స్టీలువి. ఈ రెండు లోహాలూ తగిలిన చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పిండిలా రాలుతుంది, గుండీ చిల్లులో బిగుసుకుపోతుంది. సగం బయటికొచ్చి సగం లోపల ఇరుక్కున్న గుండీ అన్నిటికంటే ప్రమాదం. చూడ్డానికి తాళం పడ్డట్టే ఉంటుంది, బరువేస్తే కాలు ఒక చిల్లు కిందికి జారుతుంది. బుష్షు ఊడదీసి బోర్లిస్తే లోపల్నించి నాలుగు చుక్కల నల్లనీళ్లు, దాంతోపాటు కాస్త తెల్లపిండి రాలాయి. బాత్రూములోకి వెళ్లొచ్చిన నీళ్లు అడుగున నిలబడి గొట్టం అంచుని తినేస్తున్నాయన్నమాట. వారానికోసారి మంచినీళ్లతో తుడిచి, వాకరుని తలకిందులుగా పెట్టి ఆరబెట్టాలి. గుండీల మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె వద్దు, జిగురై దుమ్ము పట్టేస్తుంది. బాత్రూము యాసిడ్‌తో కడిగే రోజున వాకరు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇదంతా ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటికొచ్చే రోజునే పెట్టుకుంటే మరచిపోరు. 2024 జూలై నుంచి వృద్ధులకి నెలకి 4000 రూపాయలు గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగులు ఇంటి గుమ్మంలోనే ఇస్తున్నారు, ఒకటో తారీఖున. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంటికి నెలనెలా తప్పకుండా వచ్చే సర్కారు మనిషి వాళ్లే. వచ్చినవాళ్ల చేతిలో వేలిముద్రల యంత్రంతో పాటు నాలుగు బుష్షులు కూడా ఉంటే ఎంత బావుండును అని నాకు అనిపిస్తూ ఉంటుంది. ప్రస్తుతానికి ఆ రోజు ఎవరైనా బంధువో, పక్కింటివాళ్లో వాకరు తిరగేసి చూసినా చాలు.

తేలిక అని మొదట్లో మెచ్చుకున్నాను కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. తేలికైన వాకరు ముందు కడ్డీకి కూరగాయల సంచి తగిలిస్తే ముందుకి తూలుతుంది. నీళ్ల సీసా, ఫోను లాంటివి పెట్టుకోవాలంటే మెడలో వేసుకునే చిన్న గుడ్డ సంచి మేలు. మడిచితే ఆటోలో సీటు పక్కన పట్టేస్తుంది, అది మాత్రం నిజంగా సుఖం. బస్సు సంగతి వేరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేవు గానీ, ఆ మెట్టు ఎత్తుకి వాకరుతో ఎక్కడం కుదరని పని.

ఎత్తు సరిచేయడం శిబిరం హడావుడిలో సరిగ్గా జరగదు. ఇంట్లో వాడే చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడుందో పిడి అక్కడికి రావాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొంచెం వంగి ఉండాలి. చిల్లులు ఇంచుమించు అంగుళానికొకటి ఉంటాయి. నాలుగు కాళ్లకీ కింద నుంచి లెక్కపెట్టి ఒకే చిల్లులో వేయాలి.

మన ఇళ్లకి గడప ఒకటి ఉంది. నాలుగు కాళ్లూ గడపకి అవతలే దిగాలి, రెండు ఇటూ రెండు అటూ పెట్టి నిలబడితే వాకరు వాలుతుంది. గడప ఇవతల ఆగి, వాకరుని పూర్తిగా అవతల పెట్టి, అది కదలకుండా ఉందని చూసుకుని, బాగున్న కాలు ముందు దాటించాలి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. వీధి గుమ్మం ముందు కళ్లాపి, ముగ్గు ఉంటాయి. తడి సరే, తడి మీద ముగ్గుపిండి చేరితే గాడుల్లో కూరుకుపోయి బుష్షు అడుగు నున్నగా అయిపోతుంది. ముగ్గు కాస్త పక్కకి జరిపి వేయమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, పాత పళ్లుతోముకునే బ్రష్షుతో గాడులు శుభ్రం చేయడమే మిగిలిన దారి. పాత ఫ్లాట్లలో బాత్రూము తలుపు ఇరుకు, గొళ్లెం కూడా బయటికి పొడుచుకొస్తుంది. శిబిరానికి వెళ్లేముందే తలుపు తెరిచి ఖాళీ ఎంతుందో టేపుతో కొలుచుకోండి. అక్కడ ఇచ్చే వాకరు వెడల్పుతో పోల్చి చూసుకోవచ్చు.

ఈ వాకర్లు ఇచ్చేది రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద, 2017లో మన నెల్లూరు నుంచే మొదలైన పథకం. 60 దాటి ఉండాలి, దారిద్ర్యరేఖకి దిగువన గానీ నెలకి 15,000 రూపాయల లోపు ఆదాయం గానీ ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. ముందు పరీక్ష శిబిరం, తర్వాత పంపిణీ శిబిరం, రెండిటికీ మనిషి స్వయంగా వెళ్లాలి. ఒకటికి మించి ఇబ్బందులుంటే ఒక్కోదానికి ఒక్కో ఉపకరణం ఇస్తారు, కాబట్టి పరీక్షప్పుడే అన్నీ చెప్పేయాలి. శిబిరం ఎప్పుడో వార్డు సచివాలయంలో అడగొచ్చు, లేదా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి పొద్దున 8 నుంచి రాత్రి 8 లోపు చేయొచ్చు. ఉచిత నిర్వహణ ఒక ఏడాది. బుష్షుల అసలు అరుగుదల ఆ తర్వాతే మొదలవుతుంది. వినికిడి యంత్రం తీసుకున్నవాళ్లదీ ఇదే పాట. యంత్రం ఉచితమే, బిళ్ల బ్యాటరీ మాత్రం మళ్లీ మళ్లీ కొనుక్కోవాలి.

కింది వాటా, మొజాయిక్ లేదా గరుకు టైల్సు, వారానికోసారైనా వచ్చి చూసే మనిషి, బాత్రూములో రాడ్డు ఉన్న ఇంటికైతే ఈ వాకరు తీసుకోమనే చెబుతాను. లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉండేవాళ్లకి ఇది ఇంట్లోకే పనికొస్తుంది, మెట్ల మీద వాడకూడదు. మణికట్టు బలహీనంగా ఉన్నవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ప్రతి అడుగుకీ వాకరు ఎత్తి వేయలేరు. వాళ్లకి ముందు రెండు చక్రాలున్న రకం కుదరొచ్చు, అది ఫిజియోథెరపిస్టు నడక చూసి చెప్పాల్సిన మాట. ఎవరు తెచ్చుకున్నా రెండు జతల బుష్షులు అదనంగా కొని ఎండ తగలని అల్మరాలో పెట్టుకోండి. ఏళ్ల తరబడి దాచుకోవద్దు, వాడకపోయినా రబ్బరు గట్టిపడిపోతుంది.