కీనై నదిలో సాల్మన్ వేట, నాన్నతో

జూలైలో డల్లాస్ వచ్చిన నాన్న, రెండో రోజే ఎండ చూసి "ఈ మాత్రం దానికి రాజమండ్రిలోనే ఉండేవాణ్ణి గదరా" అన్నారు. అలా కుదిరింది అలాస్కా ప్రయాణం.

యాంకరేజ్ నుంచి కారులో రెండు గంటలు వెళ్తే కూపర్ లాండింగ్, ఇంకో గంటకి సోల్డాట్నా; రెండూ కీనై నది ఒడ్డు ఊళ్ళే. అందం కావాలంటే మొదటిది. వంట చేసుకుంటామంటే సోల్డాట్నాయే నయం, పెద్ద కిరాణా కొట్లున్నాయి. మేం దిగిన క్యాబిన్ మాత్రం నిరాశపరిచింది. ఫొటోలో నది గుమ్మం ముందే ఉంది, తీరా వెళ్తే రోడ్డు దాటి చెట్ల వెనక. ఫ్రీజరులో ఐస్‌క్రీం డబ్బా తప్ప ఏమీ పట్టదు. చేపలకోసం వెళ్ళేవాళ్ళు ముందు ఫ్రీజరు సంగతి అడగండి. రాత్రి పదకొండైనా వెలుగు పోదు, మందపాటి కర్టెన్లున్నాయో లేదో కూడా.

గైడును ఒక్క పూటకే మాట్లాడుకున్నాం. రాడ్లు, గాలాలు, ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు ఆయనవే. లైసెన్సు మాత్రం మనమే కొనుక్కోవాలి; మాకు రోజుకి, మనిషికి 15 డాలర్లు పడింది. గైడు ఫీజు మీద టిప్పు 15 నుంచి 20 శాతం వేరే.

నేను హుషారుగా నడుం లోతుకి దిగాను. గైడు నవ్వి, "చేపలు నడిచే దారిలో నువ్వు నిలబడ్డావు" అన్నాడు. మేం పట్టబోయే సాకై, సాల్మన్‌లో ఒక రకం, ఒడ్డువారనే ఎదురీదుతుందట. వెనక్కొచ్చి మోకాలి లోతులో నిలబడ్డాను. సముద్రంలోంచి ఏట్లోకొచ్చాక సాకై మేత ముట్టదు. అందుకని ఎర ఉండదు; సీసం గుండు కట్టిన తీగ నేలను తాకుతూ వాలుకు పోతుంటే, తెరిచిన నోటికి గాలం తగలాలి. ఒంట్లో ఇంకెక్కడ గుచ్చుకున్నా వదిలెయ్యాల్సిందే. నా మొదటి చేప రెక్కకి తగిలింది. వదిలేస్తుంటే నాన్న ముఖం చూడాలి!

మామూలుగా రోజుకి మనిషికి మూడు సాకైలే పట్టనిస్తారు. చేప బాగా వచ్చిన సంవత్సరం ఆరుకి పెంచుతారు. మా ఇద్దరికీ కలిపి ఐదు పడ్డాయి. 1985లో ఇక్కడే పట్టిన 44 కిలోల కింగ్ సాల్మన్ (ఇంకో రకం) బొమ్మ సోల్డాట్నా విజిటర్ సెంటర్లో ఉంది, కానీ కింగ్ తగ్గిపోయి ఈమధ్య దాన్ని పట్టనివ్వడం లేదు.

ఇలస గోదారెక్కి పులసయితే రుచి పెరుగుతుంది కదా, సాకైది దానికి ఉల్టా. ఏరెక్కేకొద్దీ ఒళ్ళు ఎర్రబడి, కండ మెత్తబడుతుంది. అందుకే సముద్రానికి దగ్గర్లో, వెండిలా మెరుస్తుండగానే పట్టాలి. "ఇదేం చేపరా!" అన్నారు నాన్న.

కోతబల్ల దగ్గర గైడు చకచకా ఫిల్లెట్లు తీసి, తలకాయలు నీళ్ళలోకి విసరబోయాడు. నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. పులుసుకని నేను చెప్తే వింతగా చూసి ఐదూ సంచీలో వేశాడు. పక్క పడవవాళ్ళవి కూడా రెండు అడిగి తెచ్చాడు.